తొమ్మిదో బావి, ఇరవై రెండు పాళ్ళు

కొరెల్లా శిబిరం
14 మార్చి 1995

మెర్వ్ గారికి,

రేపు మీరు విమానం దిగుతారు, నేను అదే విమానం ఎక్కుతాను. ఏడు నెలలుగా ఇద్దరం ఒకే గది, ఒకే బల్ల, ఒకే జీపు వాడుకుంటున్నాం. రెండు వారాలు మీరు, రెండు వారాలు నేను. కానీ మనం ఎదురుపడి మాట్లాడుకున్నదంతా కలిపినా పట్టుమని గంట ఉండదు. వంతు అప్పగించే కాగితంలో పట్టని సంగతులు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాసి డ్రాయరులో పెడుతున్నాను.

ముందు చెడ్డ కబురు. గురువారం అడిలైడ్ ఆఫీసు నుంచి ఇంజినీరు షిర్మర్ ఫోను చేశాడు. డిసెంబరు కల్లా కొరెల్లా చమురు క్షేత్రం మూసేస్తారట. పన్నెండు బావుల్లోనూ సిమెంటు పోసి, పంపులు విప్పి పట్టుకుపోతారట. "మీరు తోడుతున్నది చమురు కాదు గ్లెనిస్, నీళ్ళు. వందకి తొంభై పాళ్ళు నీళ్ళే," అన్నాడు. రాతిలో ఉన్న చమురులో వందకి పద్దెనిమిది పాళ్ళే కదా బయటికి తీశాం, మిగతా ఎనభై రెండు పాళ్ళ మాటేమిటి అని అడిగాను. "ఆ రాయి అంతకన్నా వదలదు. పదమూడేళ్ళుగా నేను దాని లెక్కలు కడుతున్నాను," అన్నాడు. పీటర్‌బరోలో రైల్వే పని పోయాక మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నదాన్ని. ఇదీ పోతే ఏం చేయాలో నిజంగా తెలియదు.

ఇక వింత కబురు. నాలుగో బావిలోకి నీళ్ళు తోసే పంపు పాడై పది రోజులు ఆగింది. ఆ నీళ్ళు లోపల చమురుని తొమ్మిదో బావి వైపు నెట్టాలనే కదా మనం తోస్తున్నాం. తోయడం ఆగితే తొమ్మిదిలో చమురు తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది! నీళ్ళు తొంభై నాలుగు పాళ్ళ నుంచి ఎనభై ఒకటికి దిగాయి. పంపు బాగుచేసి వేసిన ఐదో రోజుకి మళ్ళీ తొంభై నాలుగు. నాకేమీ అర్థం కాలేదు.

మీ పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. పదకొండేళ్ళు, పన్నెండు బావులు, రోజూ ఎన్ని పాళ్ళు నీళ్ళో పెన్సిలుతో రాసిన అంకెలు. మీ వంతులో ఒక్క గడీ ఖాళీ లేదు. అవి చూస్తుంటే చర్చిలో కూర్చున్నట్టు అనిపించింది.

గ్లెనిస్ టైవర్


కొరెల్లా శిబిరం
28 మార్చి

గ్లెనిస్,

"మెర్వ్ గారికి" అని చూసి, ఎవరో పెద్దమనిషి గదిలోకి వచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఇక్కడ మేనేజరుని కూడా నువ్వనే అంటాం. నన్ను మీరు అన్నావంటే నీ బూట్లలో ఎర్రమట్టి పోస్తాను.

మూసేస్తారన్న సంగతి నాకూ చెప్పారు. అక్టోబరులో నేను ఎలాగూ రిటైరు అవుతున్నాను, నాకేం అని అనుకోవాలని చూశాను. కుదరలేదు. ఈ బావుల్లో ఏడు తవ్వేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాటి నోట్లో సిమెంటు పోస్తుంటే ఇంట్లో కూర్చుని టీవీలో క్రికెట్ చూడగలనా?

నీ వింత కబురు వింతేమీ కాదు, మంచి కబురు. పిల్లా, నీకు కళ్ళున్నాయి. పంపు బాగయింది కదా అని చేతులు దులుపుకునేవాళ్ళే ఎక్కువ. కింద రాయి ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. వాటిలో ఒక పొర గరుకు ఇసుకదైతే, తోసిన నీళ్ళన్నీ దారి సుళువుగా ఉంది కదా అని దాంట్లోంచే పరిగెడతాయి. డ్రిల్లింగువాళ్ళు దాన్ని దొంగపొర అంటారు. మిగతా పొరల్లో చమురు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అదే నిజమైతే షిర్మర్ అన్నట్టు ఆ ఎనభై రెండు పాళ్ళనీ రాయి పట్టుకుని కూర్చోలేదు. మన నీళ్ళు వాటి దగ్గరికి వెళ్ళనే లేదు.

నిరూపించాలంటే రంగు పొయ్యి. సామాన్ల కొట్టులో పచ్చరంగు పొడి డబ్బా ఉంది. నాలుగో బావిలో కలిపి తోసి, తొమ్మిదో బావి దగ్గర కాపలా కాయి. మామూలు దారిలో అయితే రంగు అక్కడికి చేరడానికి ఏడాది పడుతుంది. నమూనా మాత్రం శ్రద్ధగా పట్టు. కొళాయి తిప్పగానే వచ్చేది పైపులో నిలవున్న పాత సరుకు. దాన్ని బకెట్‌లోకి వదిలెయ్. పైపు మీద చెయ్యి వేసి ఉంచు. చెయ్యి కాలి తీసేయాలనిపించినప్పుడు వచ్చేదే అసలు బావి సరుకు. అప్పుడు సీసా పెట్టు.

పాత పుస్తకాల్లో మరీ తల దూర్చకు. కళ్ళు పోతాయి. ఇప్పుడు జరుగుతున్నది చూడు, చాలు.

మెర్వ్


కొరెల్లా శిబిరం
11 ఏప్రిల్

మెర్వ్,

ఐదు రోజులు! సోమవారం రంగు పోశాను. శనివారం పొద్దున చెయ్యి చుర్రుమన్నాక సీసా పెడితే పచ్చటి నీళ్ళు వచ్చాయి. అక్కడ నేనూ ఈగలూ తప్ప ఎవరూ లేరు కాబట్టి సిగ్గు లేకుండా గంతులేశాను. వంటశాలకి వెళ్ళి సీసా చూపిస్తే వంటవాడు డార్సీ, "ఏంటే ఇది, పుదీనా షర్బత్తా?" అని మూత తీయబోయాడు. సంగతి చెప్పాక చిన్నపిల్లకి పెట్టినట్టు రెండు లామింగ్టన్ కేకులు పెట్టాడు.

నువ్వు చెప్పిన ప్రతి ముక్కా నిజమైంది. చెయ్యి కాలేదాకా ఆగమని ఏ పుస్తకంలో రాసి ఉంది? నీ పక్కన నిలబడి ఒక్క వంతైనా పని నేర్చుకునే అదృష్టం నాకు లేకపోయింది.

ఆ సంతోషంలోనే షిర్మర్‌కి ఫోను చేశాను. కాసేపు పాత లెక్కలు తిరగేశాడు. తర్వాత, "రంగు బాగానే ఉంది, కానీ పాత అంకెలు ఒప్పుకోవడం లేదు," అన్నాడు. నాలుగో బావిలోకి నీళ్ళు తోయడం మొదలుపెట్టింది 1990లో, ఆ ఏడు వచ్చిన పెద్ద వరదకి రెండు రోజుల ముందు. దొంగపొర ఉంటే ఆ నీళ్ళు వారంలోపే తొమ్మిదికి చేరి ఉండాలి. "పుస్తకంలో ఏముంది? ఆరు వారాలు నీళ్ళ అంకె ఇరవై రెండు దగ్గరే ఉంది. ఆ తర్వాత మెట్టుమెట్టుగా ఎక్కింది. అంటే నీళ్ళు అడుగు నుంచి వాటంతట అవే వచ్చాయి. నీకు కనబడిన సందు ఈమధ్య ఏర్పడిన చిన్న పగులై ఉంటుంది. దాన్ని నమ్ముకుని నేను పైవాళ్ళని డబ్బు అడగలేను," అన్నాడు. మే 19న మీటింగు. ఆ రోజు సంతకాలైపోతాయి.

నేను పుస్తకం తీసి చూశాను. నిజమే. ఇరవై రెండు, ఇరవై రెండు, ఇరవై రెండు. నీ చేతిరాత. వేరే ఎవరి రాతైనా అయితే పోట్లాడేదాన్ని. నీ అంకె కాబట్టి తప్పు నాదే అయి ఉంటుంది. వదిలేస్తున్నాను.

గ్లెనిస్


కొరెల్లా శిబిరం
25 ఏప్రిల్

గ్లెనిస్,

ఈ రోజు ఆన్జాక్ డే. తెల్లవారుజామున యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకుంటూ జెండా దగ్గర నిలబడ్డాం. డార్సీ ఓట్లతో బిస్కెట్లు చేశాడు, పన్నుకి ప్రమాదమే అనుకో. నీకు నాలుగు దాచాను, బల్ల మీద డబ్బాలో ఉన్నాయి. మధ్యాహ్నం నాణేలు ఎగరేసి ఆడాం. నేను ఓడిపోయాను.

నీ రంగు నీళ్ళ సంగతి చదివాను. మంచి పని చేశావు. షిర్మర్ చదువుకున్నవాడు, ఆలోచించే చెప్పి ఉంటాడు. బావులు ఒక్కోసారి ఎందుకు ఎలా ఉంటాయో ఎవరికీ తెలియదు.

అక్టోబరులో నాకు ఇత్తడి పలక ఒకటి ఇస్తారట. "పదకొండేళ్ళు, ఒక్క గడీ ఖాళీ లేదు" అని చెక్కిస్తున్నారట. ఇంట్లో మా ఆవిడ బెరిల్ దాన్ని ఎక్కడ తగిలించాలో గోడ కొలుస్తోంది.

మూడో బావి బెల్టు మార్చాను. ఇక రాయడానికి ఏమీ లేదు.

మెర్వ్


కొరెల్లా శిబిరం
9 మే

మెర్వ్ గారికి,

నిన్న భోజనాల దగ్గర డార్సీ వరద కబుర్లు చెప్పాడు. విమానం దిగే చోటు మునిగిపోయి, మీరిద్దరే ఈ శిబిరంలో ఆరు వారాలు చిక్కుకుపోయారట. హెలికాప్టరు పైనుంచి పిండి బస్తాలు పడేసేదట. నేను ఊరికే అడిగాను, తొమ్మిదో బావికి ఎలా వెళ్ళేవాళ్ళని. డార్సీ నవ్వాడు. "తొమ్మిదో బావా! దానికీ మనకీ మధ్య కాలవ మూడు కిలోమీటర్లు పొంగింది పిల్లా. ఆ ఆరు వారాలూ దాన్ని దాటింది కొంగలే. మెర్వ్‌గాడూ నేనూ పేకాడి పేకాడి ముక్కలు అరగదీశాం," అన్నాడు.

నమూనా కొళాయి బావి దగ్గరే ఉంది. ఇక్కడ కూర్చుని ఆ అంకె తెలిసే మార్గం లేదు.

మరి ఆ ఇరవై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో మీరే చెప్పాలి. నేను షిర్మర్‌తో ఏమీ అనలేదు. అనను కూడా. అది నా నోటితో చెప్పాల్సిన మాట కాదు. మీటింగు 19న అని మీకు తెలుసు.

బిస్కెట్లకి కృతజ్ఞతలు.

గ్లెనిస్ టైవర్


కొరెల్లా శిబిరం
12 మే

గ్లెనిస్,

నువ్వు మళ్ళీ మీరు అని రాసిన చోటే నాకు శిక్ష పడింది. ఇక కంపెనీ వేసేది దానిముందు ఎంత?

నేను చూడలేదు. ఆరు వారాలు, ఒక్కరోజు కూడా చూడలేదు. మొదటి రోజు, వరద రేపటికి తగ్గుతుంది, వెళ్ళి చూసి దిద్దుదాం అనుకుని ముందు రోజు అంకె వేశాను. రెండో రోజూ అదే అనుకున్నాను. ఏడో రోజుకి అది అబద్ధమని అనిపించడం మానేసింది. ఖాళీ గడి కనిపిస్తే అడిలైడ్ నుంచి ఫోను వస్తుందన్నది ఒక సాకు. అసలు సంగతి అది కాదు. నా పుస్తకంలో ఖాళీ ఉండదని అప్పటికే అందరూ అనేవాళ్ళు. ఆ మాట నాకు తలకెక్కింది.

వరద తగ్గాక జీపు వేసుకుని వెళ్ళాను. చెయ్యి కాలేదాకా ఆగి సీసా పెట్టాను. డెబ్బై ఒకటి. మళ్ళీ పట్టాను. మళ్ళీ డెబ్బై ఒకటి. నిన్న ఇరవై రెండు అని రాసి ఇవాళ డెబ్బై ఒకటి రాస్తే ఎవరైనా అడుగుతారు కదా. అందుకని ముప్ఫై ఒకటి, నలభై, యాభై రెండు, అరవై, అరవై ఆరు అని ఐదు రోజులు మెట్లు కట్టాను. అది కాపీ కొట్టడం కూడా కాదు, కల్పించడం. ఆ మెట్ల మీద నిలబడే షిర్మర్ పాపం ఐదేళ్ళుగా లెక్కలు కడుతున్నాడు. మంచి చమురున్న చోటికి నేనే సిమెంటు పిలిపించాను.

నీ ఏప్రిల్ ఉత్తరం చదివినప్పుడే చెప్పాల్సింది. "నీ అంకె కాబట్టి తప్పు నాదే" అని రాశావు చూడు, ఆ కాగితం రెండు వారాలు జేబులో పెట్టుకుని తిరిగాను. బిస్కెట్ల గురించి రాశాను. సిగ్గుగా ఉంది.

నిన్న పొద్దున ఆఫీసు తెరవగానే షిర్మర్‌కి ఫోను చేశాను. అంతా విని, "హాడ్రిక్, నువ్వేం చెబుతున్నావో నీకు తెలుస్తోందా?" అన్నాడు. "తెలిసే చెబుతున్నా. రాసుకో," అన్నాను. "దీనికి నిన్ను సైటు నుంచి పంపేస్తారయ్యా. ఐదు నెలల్లో పోయేవాడివి, ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు. "ఆ తర్వాత రెండు నెలలకి బావులూ పోతాయి కదా," అన్నాను. అతను అంకెలు మళ్ళీ అడిగి ఒక్కొక్కటే రాసుకున్నాడు. రాసుకుంటూ ఉండగానే అతని గొంతు మారింది. "ఇది... ఇది ఆ పిల్ల చెప్పిన దానికి సరిగ్గా సరిపోతోంది," అన్నాడు.

ఆదివారం విమానంలో నన్ను పంపిస్తున్నారు. ఇక తిరిగి రాను. పలక లేదు. బెరిల్‌తో మాత్రం నడుంనొప్పి వల్ల ముందే దిగిపోతున్నానని చెప్పాను. అదీ ఇంకో ఇరవై రెండే.

ఇన్నేళ్ళలో నాతో వంతు పంచుకున్నవాళ్ళు ఆరుగురు. అడగాల్సిన ప్రశ్న అడిగింది నువ్వొక్కదానివే.

మెర్వ్


కొరెల్లా శిబిరం
12 సెప్టెంబరు

మెర్వ్,

నాలుగు నెలలు కావాలని రాయకుండా ఉండలేదు. చెప్పడానికి ఏదైనా దొరికాకే రాయాలనుకున్నాను. ఇప్పుడు దొరికింది.

మే 19న సంతకాలు కాలేదు. షిర్మర్ నీ అంకెలతో లెక్కంతా మళ్ళీ కట్టి, రెండు నెలలు గడువు అడిగి తెచ్చుకున్నాడు. జూలైలో లారీలు వచ్చాయి. నాలుగో బావిలోకి పదకొండు రోజులు జిగురు మందు తోశారు. పోసేటప్పుడు నీళ్ళలాగే పలచగా ఉంటుంది. నీళ్ళు ఏ దారిన పరిగెడతాయో అదీ ఆ దారినే పోయి, దొంగపొరలో గడ్డకట్టి కూర్చుంటుంది. తర్వాత తోసిన నీళ్ళకి వేరే పొరల్లోకి వెళ్ళడం తప్ప గత్యంతరం ఉండదు.

ఆ తర్వాత ముప్ఫై ఏడు రోజులు ఏమీ జరగలేదు. తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై నాలుగు. అనవసరంగా నీ పరువు తీయించానే అని ఏడుపొచ్చేది. ముప్ఫై ఎనిమిదో రోజు తొంభై రెండు. ఆ వారం చివరికి ఎనభై ఎనిమిది. తర్వాత డెబ్బై తొమ్మిది. ఇవాళ అరవై ఆరు! సీసాలో చమురు మూడో వంతు నిలబడింది మెర్వ్. నల్లగా, చిక్కగా, చేతికంటుకుంటే సబ్బుకి కూడా లొంగనంత చమురు. కొత్త లెక్క ప్రకారం వందకి పద్దెనిమిది కాదు, ఇరవై ఏడు పాళ్ళ దాకా తీయొచ్చట. మూసివేత రద్దు. వచ్చే ఏడు ఇంకో మూడు బావులకి ఇదే వైద్యం.

షిర్మర్ స్వయంగా వచ్చాడు. పట్నం బూట్లతో ఇసుకలో తడబడుతూ తొమ్మిదో బావి దాకా నడిచాడు. కొళాయి దగ్గర తొందరపడబోతే నేను ఆపి, చెయ్యి పైపు మీద పెట్టించాను. అబ్బా అని తీసేశాడు. "ఇప్పుడు పట్టండి," అన్నాను. సీసా ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. కొళాయి నేను తిప్పడం ఇదే మొదటిసారి," అన్నాడు. నాకు అతనంటే ఇష్టం కలిగింది.

అతను మంచివాడు కూడా. రిపోర్టులో "1990 వరద వల్ల కొంత సమాచారం సరిగా అందలేదు" అని మాత్రమే రాశాడు. నీ పేరు ఎక్కడా లేదు. సంతోషించు.

గ్లెనిస్


పోర్ట్ పిరీ
18 సెప్టెంబరు

గ్లెనిస్,

అరవై ఆరు! ఆ అంకె చదివి లేచి పెరడంతా చుట్టి వచ్చాను. నువ్వు చేసింది ఎంత పెద్ద పనో నీకు తెలుసో లేదో. సిమెంటు పోయబోతున్న నోట్లోంచి చమురు పలికించావు. నేను అక్కడ పదకొండేళ్ళు ఉన్నాను కానీ ఆ పని నువ్వు ఏడాదిలో చేశావు.

రిపోర్టు సంగతికి మాత్రం సంతోషించను. కోపంగా ఉంది. షిర్మర్‌కి నా మాటగా చెప్పు. వరదకి చేతుల్లేవు, అది పెన్సిలు పట్టుకోలేదు. "కొంత సమాచారం సరిగా అందలేదు" అంటే ఎంత? ఏ బావిది? ఎవరిది? రేపు ఇంకో మూడు బావులకి మందు పోసేవాడు ఆ మాట చదివి ఏమనుకుంటాడు? ఆ కొంత ఎక్కడుందో తెలియక పుస్తకాలన్నీ అనుమానిస్తాడు. నేను చెయ్యి కాల్చుకుని పట్టిన ప్రతి సీసా చెత్తబుట్టలోకి పోతుంది. నా మీద దయ చూపించి నా పదకొండేళ్ళూ తుడిచేశాడు.

నా పేరు రాయమను. బావి నంబరు, తేదీలు రాయమను. అంతవరకే అబద్ధం అని రాయమను. తప్పుకి హద్దు గీస్తేనే కదా మిగతాది నిలబడేది.

మెర్వ్


కొరెల్లా శిబిరం
3 అక్టోబరు

మెర్వ్,

నీ ఉత్తరం షిర్మర్‌కి ఫోనులో చదివి వినిపించాను. చివరి మాటలు మళ్ళీ చదవమన్నాడు. తర్వాత, "ఆ మనిషి అలా అన్నాడా? అయితే నేను అతని మాట కూడా ఊరికే నమ్మకూడదు. సరిచూడాలి," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ అతను అన్నది అవమానించడానికి కాదని తర్వాత తెలిసింది.

పది రోజులు కూర్చున్నాడట. నీ వంతులో నువ్వు రాసిన ప్రతి రోజూ, ప్రతి బావీ, ట్యాంకుల్లోకి చేరిన చమురు కొలతలతో, చమురు వెళ్ళే గొట్టం ఆ చివర వాళ్ళు పట్టిన లెక్కలతో ఒక్కొక్కటే పోల్చాడు. నిన్న కొత్త రిపోర్టు వచ్చింది. ఆ పేరా ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"1990 వరదలో తొమ్మిదో బావికి సంబంధించిన నలభై రెండు రోజుల అంకెలు చూడకుండా రాసినవి. ఆ తర్వాతి ఐదు రోజుల అంకెలు కల్పించినవి. రాసినవాడు మెర్విన్ హాడ్రిక్. ఈ సంగతి తనంతట తానే తెలియజేశాడు. ఈ నలభై ఏడు రోజులు మినహా అతను రాసిన రెండు వేల రోజుల అంకెలనూ పరీక్షించాము. ఒక్కటీ తప్పు లేదు. ఇకపై ఈ క్షేత్రంలో చేసే పనులన్నిటికీ వాటినే ఆధారంగా తీసుకోవాలి."

మెర్వ్, ఇంతకన్నా ఏమీ రాయలేను.

నీ
గ్లెనిస్


పోర్ట్ పిరీ
9 అక్టోబరు

గ్లెనిస్,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం టపాలో వచ్చింది. బెరిల్ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పిలిచి కూర్చోబెట్టి, నడుంనొప్పి మాట అబద్ధమని ముందు చెప్పాను. తర్వాత షిర్మర్ రాసింది పైకి చదవడం మొదలుపెట్టాను. నా పేరు దాకా బాగానే చదివాను. తనంతట తానే అన్న చోట ఆగిపోయాను. బెరిల్ కాగితం నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే చదివింది. ఒక్కటీ తప్పు లేదు అన్న మాట రెండుసార్లు చదివింది.

మెర్వ్